చెరువుతో పని ఉన్నవాళ్లు

అంబర్‌పేట బతుకమ్మ కుంటకు మళ్లీ నీళ్లొచ్చాక దాని గురించి వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రాని మెచ్చుకోవడమో, తిట్టడమో చేశాయి. 2025 ఫిబ్రవరిలో ముళ్లకంప కొట్టేసి తవ్వడం మొదలుపెట్టగానే నీళ్లు పైకొచ్చాయి. అది ఊటా, పైపులైను పగిలిందా అని కొన్నాళ్లు గొడవ నడిచింది. అదే ఏడాది బతుకమ్మ పండుగ రోజుల్లో ముఖ్యమంత్రి వచ్చి ప్రారంభించారు. ఇదంతా అందరికీ తెలుసు. నన్ను మాత్రం వేరే ప్రశ్న పట్టుకుంది. ఈ నగరంలో ఇళ్ల కింద, రోడ్ల కింద పూడిపోయిన కుంటలు ఎన్నో. వాటిలో చాలావాటి పేర్లు పాత రెవెన్యూ కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడవు. మరి నీళ్లు పోయి, చెత్త నిండిపోయాక కూడా ఈ కుంట పేరు జనం నోట్లో ఎలా నిలిచింది?

నాకు తోచిన జవాబు చెబుతాను. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఆడవాళ్లకి ఆ కుంటతో పని ఉండేది. తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మ చుట్టూ ఆడి పాడాక నీళ్లలో వదలాలి. అందుకు దగ్గర్లో నీళ్లుండాలి. కుంట ఎండిపోయినా ఆ పని తాలూకు గుర్తు పేరులో ఉండిపోయింది. అది ప్రైవేటు స్థలమన్న వాదన హైకోర్టు దాకా వెళ్లినప్పుడు, "కాదు, ఇది కుంటే" అని గట్టిగా చెప్పే మనుషులు అక్కడి బస్తీల్లో ఇంకా ఉన్నారు.

చెరువుతో ఏదో ఒక పని ఉన్న మనుషులు ఒడ్డున ఉన్నంతకాలమే నగరంలో చెరువు బతుకుతుందని నేను నమ్ముతున్నాను. వాళ్లని పంపించేసి, కంచె వేసి, చూడ్డానికొచ్చేవాళ్ల కోసం అలంకరిస్తే కొన్నాళ్లు అందంగానే ఉంటుంది. ఆ తర్వాత దాని బాగోగులు అడిగేవాళ్లుండరు. పర్యావరణం పేరుతో మన నగరాలు ఎక్కువగా చేస్తున్నది ఈ రెండోదే. ఈ మాటకి అభ్యంతరాలు చాలా ఉన్నాయి. కొన్ని నన్నూ ఇబ్బంది పెడుతున్నాయి. వాటి దగ్గరికీ వస్తాను.

కట్ట మీద ఎవరుండేవారు

మన దగ్గర చెరువులు చాలావరకు మనుషులు కట్టుకున్నవే. కట్ట, నీళ్లు వదిలే తూము, నిండితే పొర్లిపోయే అలుగు సరిగా ఉంటేనే చెరువు. కట్టి వదిలేస్తే నిలిచేది కాదు, రోజూ ఎవరో ఒకరు చూసుకోవాలి. తెలంగాణ ఊళ్లలో ఆ పని నీరటిది. తూము ఎంత ఎత్తాలో, ఏ కాలవకి ఎప్పుడు నీళ్లు వదలాలో, వానలకి కట్ట ఎక్కడ నెమ్ముతోందో నీరటికి తెలుసు. చేపలు పట్టే ముదిరాజులు, గంగపుత్రులు ఉండేవారు. ఒక పక్క చాకిరేవు. కుమ్మరికి మట్టి అక్కడిదే. ఎండాకాలం రైతులు పూడిక మట్టి తీసి పొలాలకు తోలుకునేవారు. కట్ట తెగకుండా కాపాడమని కట్టమైసమ్మకి మొక్కుకునేవారు. వీళ్లలో ఎవరూ పర్యావరణం అన్న మాట వాడి ఉండరు. చెరువు పాడైతే మొదట నష్టపోయేది వాళ్లే కాబట్టి, ముందుగా తెలిసేది కూడా వాళ్లకే.

ఈ పాత ఏర్పాటుని నేను పొగడటం లేదు. తూము నీళ్లు పారింది ఆయకట్టులో భూములున్న ఆసాములకి. వానలో రాత్రంతా కట్ట మీద కాపలా కాసిన నీరటికి దక్కింది నాలుగు గింజలో, చిన్న మాన్యమో. చాకిరేవులో నడుంలోతు నీళ్లలో నిలబడి ఉతికిన మనిషిని ఊళ్లో ఎవరు ఎలా పిలిచారో మనకి తెలియంది కాదు. ఏ రేవులో ఎవరు దిగాలో, ఎవరు దిగకూడదో కులమే చెప్పింది. ఆ రోజులు పోయినందుకు బాధపడనక్కర్లేదు. కానీ ఆ రోజులతో పాటు, చెరువు మీద ఎవరికి హక్కుందో, దాని గురించి ఎవరికి తెలుసో ఆ లెక్క కూడా చెరిగిపోయింది. దాని స్థానంలో ఇంకో లెక్క రాలేదు. భూమి విలువ మాత్రం వచ్చింది.

పూడిక సంగతే చూడండి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఊళ్లలో బాగా పనిచేసిన అంశం అదే. రాష్ట్రంలో సుమారు 46 వేల చెరువులు బాగుచేయాలన్న పథకం అది. చాలాచోట్ల రైతులే ట్రాక్టర్లు పెట్టుకుని ఒండ్రు తోలుకున్నారు. మట్టికి అడిగేవాళ్లున్నారు కాబట్టి చెరువు లోతయింది. అదే పని నగరంలో చేయండి. పొక్లెయినర్ వచ్చి నల్లటి బురద తీసి కట్ట పక్కన పోస్తుంది. అందులో ప్లాస్టిక్, డ్రైనేజీ మడ్డి, ఇంకా ఏమేమో. ఆ మట్టి ఎవరికీ వద్దు. మొదటి పెద్ద వానకి సగం మళ్లీ చెరువులోకే దిగుతుంది. మళ్లీ టెండరు పిలుస్తారు.

మా చెరువు దగ్గర జరిగింది

మేముండేది హైదరాబాద్‌కి పడమటి వైపు, ఒక మోస్తరు చెరువు పక్కన. పేరు రాయడం లేదు. చుట్టూ అపార్ట్‌మెంట్లు పెరిగాక చెరువుని బాగుచేయించాలని అన్ని అసోసియేషన్లూ కలిసి తిరిగాయి. వాట్సాప్ గ్రూపులో నెలల తరబడి నడిచిన చర్చంతా రజకుల గురించి, గేదెల గురించే. బట్టలుతకడం వల్లే నురగ వస్తోందని ఒకరు, ఉతికినవి కంచె మీద ఆరేస్తే ఏరియా చూడ్డానికి బాగోదని ఇంకొకరు. మా కాంప్లెక్సుల్లో ప్రతి ఇంట్లో తిరిగే వాషింగ్ మిషన్ నురగ ఎటు పోతోందని అడిగిన ఒకావిడకి ఎవరూ జవాబివ్వలేదు. మురుగునీరు శుద్ధిచేసే మా ఎస్టీపీని కరెంటు బిల్లు భయంతో రాత్రిళ్లు ఆపేస్తున్నారని తర్వాత ఒక ఆపరేటరు చెబితే తెలిసింది.

చివరికి పని జరిగింది. ఆకుపచ్చ ఇనుప జాలీ, పేవర్ బ్లాకుల ట్రాక్, ఫొటోలు దిగడానికి వెలిగే అక్షరాలు. గేటు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తీస్తారు. రజకుల కుటుంబాలని ఖాళీ చేయించారు. ఎక్కడికి పోయారో గ్రూపులో ఎవరూ రాయలేదు. మత్స్యకారుల సంఘాన్ని తీసేయడం కుదరలేదు కాబట్టి వెనక పక్క వాళ్లకో చిన్న గేటు పెట్టారు. తాళంచెవి సెక్యూరిటీ దగ్గర ఉంటుంది.

ఆ తర్వాతి ఎండాకాలం చివర్లో, రాత్రి ఒక వాన పడి వెలిసిన పొద్దున, చేపలు చచ్చి తేలాయి. వాకింగ్‌కి వెళ్లినవాళ్లు ముక్కులు మూసుకుని ఫొటోలు తీసి గ్రూపులో పెట్టారు. నేను వెళ్లేసరికి చిన్న గేటు దగ్గర థర్మాకోల్ తెప్ప ఒడ్డుకి లాగి ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అప్పుడప్పుడు ఆయన దగ్గర చేపలు కొంటాం కాబట్టి పరిచయమే. ఇంకా బతికున్న చేపలు కొన్ని నీటి మీదికి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"పైకొచ్చి నోరు తెరుస్తున్నదంటే కింద గాలి లేదన్నట్టు," అన్నాడు. పుస్తకాల్లో రాసేదీ ఇదే. మురుగు కుళ్లేటప్పుడు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఖర్చయిపోతుంది, రాత్రి వెలుతురుండదు కాబట్టి నాచు కొత్తగా ఇవ్వలేదు, తొలకరి వాన నాలాల్లో ఎండి ఉన్న మడ్డినంతా ఒక్కసారిగా తెచ్చి కలుపుతుంది. తెల్లారేసరికి చేపకి ఊపిరాడదు.

"నెల దినాల సంది చూస్తున్న బిడ్డా. నాలా దిక్కు వల ఏస్తే జిలేబీ చేపలు తప్ప ఏం పడ్తలేదు. రవ్వ, బొచ్చె అన్ని కట్ట దిక్కు జరిగినయి. నీళ్లు ఖరాబైతున్నయని గప్పుడే అనుకున్న."

"ఎవరికైనా చెప్పారా తాతా?"

"ఎవలకు చెప్పాలె? గేటు కాడ సెక్యూరిటీ పిలగానికి చెప్పిన."

ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. నాలా వచ్చి కలిసే మూలకి రాత్రిపూట సెప్టిక్ ట్యాంకర్ వస్తోందట. పైపు వదిలేసి, ఖాళీ చేసుకుని వెళ్లిపోతోంది. "చాకిరేవు ఉన్నప్పుడు రాకపోతుండె. వాళ్లు తెల్లారగట్ల నాలుగింటికే వస్తుండె గదా." చాకిరేవు ఉన్నది సరిగ్గా ఆ మూలనే. చెరువు శుభ్రంగా ఉండాలని మేం ఖాళీ చేయించిన చోటే ట్యాంకర్‌కి దారి దొరికింది. కంచె, కెమెరా, లైట్లు అన్నీ ట్రాక్ ఉన్న వైపే. నాలా మూలకి వాకింగ్ చేసేవాళ్లు వెళ్లరు, వాసన కదా.

ట్రాక్ వల్ల మంచి జరగలేదని అనను. మా అమ్మ రోజూ నడుస్తుంది. పిల్లలకి కొంగలు, నీటికాకులు తెలిశాయి. చెరువు వెంట నడిచే జనం ఉండబట్టే కొత్తగా మట్టి పోసి పూడ్చే ధైర్యం ఎవరూ చేయలేదు. అది చిన్న విషయం కాదు. కానీ వాకింగ్ చేసేవాళ్లకి చెరువు చూడటానికి బాగుంటే చాలు. లోపల ఏమవుతోందో మాకు తెలిసేది చేపలు తేలాక. పెద్దాయనకి నెల ముందే తెలిసింది, ఎందుకంటే ఆ నెలంతా ఆయన సంపాదన తగ్గింది.

గీత గీసినంత మాత్రాన

చెరువుల రాజకీయమంతా ఇప్పుడు ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అనే గీత చుట్టూ తిరుగుతోంది. 2024 జూలైలో హైడ్రా వచ్చాక ఈ మాట ఇంటింటి మాటయింది. ప్లాటు కొనేవాళ్లు ఎఫ్‌టీఎల్ మ్యాపు అడుగుతున్నారు. మంచిదే. తమ్మిడికుంట దగ్గర సినీ నటుడు నాగార్జున ఎన్ కన్వెన్షన్ హాలు కూల్చిన రోజు, పెద్దవాళ్ల మీదికి కూడా చట్టం వెళ్లగలదని జనం సంతోషపడ్డారు. ఆ సంతోషం అబద్ధం కాదు.

అయితే ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో చూడాలి. నీళ్లు నిండి అలుగు మీదుగా పారడం మొదలయ్యే మట్టం అది. అంటే ఆ గీత అలుగు ఎత్తుని బట్టి ఉంటుంది. అలుగుని పగలగొట్టి కిందికి దించితే, తూము తెరిచి వదిలేస్తే, వచ్చే నాలాని పక్కకి తిప్పితే చెరువు దానంతటదే చిన్నదైపోతుంది. కొన్నేళ్లు నీళ్లు రాని చోట ఇల్లు కట్టి, ఇక్కడ చెరువెక్కడుంది అంటారు. అలుగు దగ్గర రోజూ మనిషి ఉన్న కాలంలో ఇది గుట్టుగా చేయడం కుదిరేది కాదు. కాగితం మీది గీతకి ఆ కాపలా లేదు. పైగా చెరువు లోపలే శిఖం పట్టాలుంటాయి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, కట్టడం కట్టకూడదు. సాగు ఉన్నంతకాలం ఆ రైతుకి చెరువుతో తగువూ ఉంది, పొత్తూ ఉంది. సాగు పోయాక అది ప్లాటు మాత్రమే.

గీత లోపల పడ్డవాళ్లంతా ఒకటి కాదన్నది ఇంకో సంగతి. అమీన్‌పూర్ కూల్చివేతల కేసులో సెలవు రోజుల్లో కూల్చడమేమిటని 2024 సెప్టెంబరులో హైకోర్టు అధికారుల్ని నిలదీసింది. స్టే తెచ్చుకోగలిగేవాళ్లకి, తెచ్చుకోలేనివాళ్లకి మధ్య తేడా అక్కడే ఉంది. అదే రోజుల్లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ వైపు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్) అని గుర్తులు పెట్టారు. డబుల్ బెడ్రూం ఇళ్లు ఇస్తామన్నారు, కొందరు వెళ్లారు. నది ఒడ్డు ఖాళీ చేయడం అవసరమే కావచ్చు. 1908 సెప్టెంబరు వరద చూసిన నగరం ఆ మాట కొట్టిపారేయలేదు. కానీ నది పక్కన ముప్పై నలభై ఏళ్లు బతికినవాళ్లు మూసీ బాగుచేసే ఏ సమావేశంలోనైనా కుర్చీ వేయించుకుని కూర్చున్నారా? నీళ్లు ఏ సందులోంచి ముందు వస్తాయో, ఏ ఫ్యాక్టరీ మురుగు ఏ రాత్రి వదులుతారో వాళ్లకంటే ఎవరికి తెలుసు? వాళ్లు తీసేయాల్సిన లెక్కలో ఉన్నారు తప్ప, అడగాల్సిన లెక్కలో లేరు.

గీతల కంటే పెద్ద పాఠం గండిపేటది. 1908 వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ (గండిపేట అనేది దీన్నే) 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు వదిలిపోరని హైదరాబాదీలు గర్వంగా చెప్పుకునేవారు. ఆ నీళ్ల కోసమే 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. పాతికేళ్లు ఎన్ని ఒత్తిళ్లొచ్చినా, ఎన్ని ఉల్లంఘనలు జరిగినా ఆ జీవో కాగితం మీద నిలబడింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు ఎత్తేస్తూ ప్రభుత్వం చెప్పిన కారణం చదివితే నాకు భయమేసింది. కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కాబట్టి నగరం ఇక ఆ జలాశయాల మీద ఆధారపడటం లేదట. వాటితో మనకి పని లేదు కాబట్టి కాపాడే అవసరం కూడా తగ్గింది. నేను ఇంతసేపూ చెబుతున్నది ప్రభుత్వమే అధికారికంగా ఒప్పుకున్నట్టయింది. నగరానికి పని ఉన్నన్నాళ్లూ గండిపేట నిలిచింది. పని తీరాక దాని చుట్టూ ఉన్నది రియల్ ఎస్టేట్.

తాగునీటి లెక్క ఒక్కటే చూస్తే ఆ వాదన తప్పనిపించదు కూడా. కానీ వరద నీటిని ఆపడం, భూమిలోకి ఇంకించడం కూడా చెరువు చేసే పనే. అది ఏ కుళాయిలోనూ కనపడదు కాబట్టి ఎవరి ఖాతాలోనూ పడదు. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు నీళ్లు పాతబస్తీ కాలనీల మీద పడ్డాయి. గొలుసుకట్టులో ఒక చెరువు నీళ్లు ఇంకో చెరువుకి వెళ్లే దారి మూసేస్తే ఏమవుతుందో హఫీజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ వాళ్లు ఇళ్లలో నిలబడి చూశారు.

నా మాటకి అడ్డొచ్చేవి

ఇంత చెప్పాక కొల్లేరు సంగతి దాటేయకూడదు. చెరువుతో పని ఉన్నవాళ్లే చెరువుని కాపాడతారంటే, కొల్లేరులో చేపల చెరువులు తవ్వి సరస్సుని కట్టలతో ముక్కలు చేసిందెవరు? దానితో పని ఉన్నవాళ్లే కదా. 1999లో అభయారణ్యంగా ప్రకటించినా ఆగలేదు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో పేలుడు పదార్థాలు పెట్టి గట్లు పగలగొట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా చాలా గట్లు మళ్లీ లేచాయి. బుడమేరు వచ్చి కలిసేది ఆ కొల్లేరులోనే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని రోజుల తరబడి ముంచినప్పుడు, దాని దారి ఎంత ఇరుకైపోయిందో రాష్ట్రమంతా మాట్లాడుకుంది. మన హైదరాబాద్ సున్నం చెరువు దగ్గర బోర్లు వేసి నీళ్లు తోడి ట్యాంకర్లలో అమ్మినవాళ్లకీ చెరువుతో పనే ఉంది.

ఈ అభ్యంతరం నిజమైనదే. దానికి నా జవాబు పూర్తిగా తృప్తిగా లేదు, అయినా చెబుతాను. చెరువు చెరువుగా ఉంటేనే సాగే పనులు కొన్ని ఉన్నాయి. ముక్కలైతేనో, ఎండితేనో లాభం వచ్చే పనులు కొన్ని ఉన్నాయి. వల వేసే మనిషికి నీళ్లంతా ఒకటిగా ఉండాలి, వచ్చే నాలా బాగుండాలి. గట్టు కట్టి సొంత చెరువు చేసుకున్నవాడికి తన ముక్క చాలు. కొల్లేరులో తొలి నుంచీ వల మీద బతికిన వడ్డీ కులస్థులు చాలాచోట్ల ఆ చేపల చెరువుల్లో కూలీలుగానో, లీజుకిచ్చినవాళ్లుగానో మిగిలారు, పెట్టుబడి బయటి నుంచి వచ్చింది. అంటే పని ఉండటం ఒక్కటే చాలదు. ఆ పనికి ఉమ్మడి హక్కు ఉండాలి, అమ్ముకోవడానికి వీల్లేని హక్కు. దాన్ని ఎలా రాయాలో, డబ్బు ఒత్తిడికి ఎంతకాలం ఆగుతుందో నాకు ధీమాగా తెలియదు.

వినాయక నిమజ్జనం ఇంకా చిక్కుముడి. అదీ జనానికి నీటితో ఉన్న పనే, భక్తితో చేసే పని. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు హుస్సేన్ సాగర్‌లో వేయొద్దని 2021లో హైకోర్టు చెప్పింది. ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు మినహాయింపు ఇచ్చింది. తర్వాత కాలనీల్లో బేబీ పాండ్స్ పెరిగాయి. సాగర్‌కి అది మేలే. కానీ మా పక్క కాలనీలో గుంత తవ్వి ప్లాస్టిక్ షీట్ పరిచి నీళ్లు పోసి, అందులో గణపతిని ముంచి, మర్నాడు జేసీబీతో ఎత్తేయడం చూసినప్పుడు, దేవుడికి కూడా చెరువుతో పని లేకుండా చేశామనిపించింది. మట్టి విగ్రహం అయితే చెరువు ఒడ్డుకే తీసుకెళ్లొచ్చు కదా? బతుకమ్మ పూలకి చెరువు ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. మండపాల పోటీలో విగ్రహం ఎత్తు పెరిగాక మట్టితో నిలబెట్టడం కష్టమన్నది అసలు కారణం. ఇది పర్యావరణ శాఖ సర్క్యులర్‌తో తేలేది కాదు. చందాలు వసూలు చేసే కుర్రాళ్లు, కార్పొరేటర్లు, ఫ్లెక్సీల మీద ఫొటోలు వేయించుకునే నాయకులు కలిసి నడిపే వ్యవహారం. ఏ పార్టీ కూడా ఎత్తు తగ్గించండని గట్టిగా చెప్పదు. కట్టమైసమ్మ గుళ్ల విషయంలోనూ అంతే. కట్ట కాపాడే తల్లి గుడికి కట్టనే తవ్వి ఫంక్షన్ హాలు కట్టారంటే అడగడానికి ఎవరికీ నోరు రాదు. ఆ నోరున్నది రోజూ అక్కడ బోనం ఎత్తే, పని చేసే మనుషులకే. అందుకే వాళ్లు అక్కడ ఉండటం ముఖ్యమంటున్నాను.

కోల్‌కతా వైపు చూస్తే

ఇది కుదిరే పని కాదనేవాళ్లకి నేను చూపించేది తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు. 12,500 హెక్టార్లు. నగరం మురుగునీరు కాలవల్లో అక్కడికి వెళ్తుంది. లోతు తక్కువున్న చేపల చెరువుల్లోకి దాన్ని కొలతగా వదులుతారు. ఎండ, నాచు కలిసి కొన్ని వారాల్లో నీటిని శుభ్రం చేస్తాయి, ఆ నాచు తిని చేపలు పెరుగుతాయి, మిగిలిన నీళ్లు కూరగాయలకి, వరికి వెళ్తాయి. ఎప్పుడు ఎంత మురుగు వదలాలో అక్కడి మత్స్యకారులకి నీటి రంగు చూస్తే తెలుస్తుంది. 1992లో కలకత్తా హైకోర్టు ఆ నేలల్ని వేరే వాడకాలకి మార్చకూడదని చెప్పింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అక్కడా కబ్జాలు ఆగలేదు, అంతా బాగుందని అనను. అయినా ఒక మహానగరం అంచున, రియల్ ఎస్టేట్ కోరలు ఇంత దగ్గరగా ఉండి కూడా, అంత నేల ఇంకా తడిగా ఉందంటే కారణం కంచె కాదు. వేల కుటుంబాలకి అది రేపటి కూలి.

మన చెరువుల నీళ్లు పరిశ్రమల వ్యర్థాలతో కలిసినవి చాలా ఉన్నాయి. వాటిలో పెరిగిన చేప తినమని ఎవరికీ చెప్పలేం. ముందు ఆ నాలాలు వేరుచేయాలి. కానీ వేరుచేశారో లేదో రోజూ చూసి చెప్పే మనిషి కావాలి, ఆ మాటకి విలువ ఉండాలి.

హైడ్రా మొదటి విడత తీసుకున్న ఆరు చెరువుల్లో బతుకమ్మ కుంటతో పాటు కూకట్‌పల్లి, ఉప్పల్ నల్ల చెరువులు, తమ్మిడికుంట, సున్నం చెరువు, బమ్ రుక్న్ ఉద్ దౌలా ఉన్నాయి. వీటికి బెంచీలు, లైట్లు ఎలాగూ వస్తాయి. ప్రతి చెరువుకీ జీతమిచ్చి ఒక నీరటిని పెట్టాలని నేను కోరుతున్నాను. కులాన్ని బట్టి వచ్చే వెట్టిగా కాకుండా, వార్డు ఆఫీసులో హాజరు వేసుకునే ఉద్యోగంగా. తూము, అలుగు, నాలా నోరు చూసి రోజూ రాసిపెట్టడం వాళ్ల పని కావాలి. మత్స్యకారుల సంఘం సంతకం లేకుండా ఏ కాంట్రాక్టరు బిల్లూ పాసు కాకూడదు. రజకులకి చెరువుకి ఆనుకునే నల్లా నీళ్లు, డ్రైనేజీ కలిపిన ఉతికే చోటు కట్టించాలి. సబ్బు నీళ్లు చెరువులోకి పోవు, మనుషులు మాత్రం అక్కడే ఉంటారు.

మా దగ్గర చిన్నగా మొదలుపెడుతున్నాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో, వెనక గేటు తాళంచెవి మత్స్యకారుల సంఘం దగ్గరే ఉండాలని, మా ఎస్టీపీ ఎన్ని గంటలు నడిచిందో నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టాలని తీర్మానం పెడుతున్నాను. పక్క కాంప్లెక్సులో ఆ రోజు నురగ గురించి అడిగిన ఆవిడ మద్దతిస్తానంది. చాకిరేవు సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే ఆ కుటుంబాలు ఇప్పుడెక్కడున్నాయో ముందు కనుక్కోవాలి. ఒక కుటుంబం బాచుపల్లి వైపు ఇస్త్రీ బండి పెట్టుకుందని పెద్దాయన చెప్పాడు. ఈ ఆదివారం వెళ్తున్నాం.